తిరిగొచ్చాక ఏమైంది? - విభజన కథల్లో ఆడవాళ్ళు, మతం, ఇల్లు

విభజన కథ అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది మంటో 'ఖోల్ దో'. అమృత్‌సర్‌లో బయల్దేరిన రైలు దాడులన్నీ దాటుకుని మొగల్‌పురా చేరుతుంది. శరణార్థి శిబిరంలో కళ్ళు తెరిచిన సిరాజుద్దీన్‌కి భార్య చచ్చిపోయిన సంగతి గుర్తుంది గాని, కూతురు సకీనా ఎక్కడ తప్పిపోయిందో గుర్తు లేదు. లారీ, తుపాకులు ఉన్న ఎనిమిదిమంది కుర్రాళ్ళు వెతికి తెస్తామని మాటిస్తారు. సకీనా వాళ్ళకి దొరుకుతుంది కూడా. ఆ తర్వాత ఏం జరిగిందో మంటో చెప్పడు. శిబిరం ఆస్పత్రిలో కిటికీ తెరవమని డాక్టరు అన్నప్పుడు, దాదాపు శవంలా ఉన్న ఆ పిల్ల చేతులు తన సల్వార్ బొందు విప్పటం చూసి మనకి అర్థమవుతుంది. ఆ కుర్రాళ్ళు వేరే మతం వాళ్ళు కాదు. ఆమె మతం వాళ్ళే. ఉర్దూ మూలంలో మంటో వాళ్ళని రజాకార్లు అంటాడు. అక్కడ ఆ మాటకి స్వచ్ఛంద సేవకులని మామూలు అర్థం. తెలంగాణ వాళ్ళెవరైనా ఆ మాట దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకోవలసిందే.

ఈ కథని మెచ్చుకునేవాళ్ళు దాని ముగింపుని మెచ్చుకుంటారు. అంత తక్కువ మాటల్లో అంత చెప్పిన కథ మరొకటి చూపించమంటే నేనూ చూపించలేను. కాని ఎన్నిసార్లు చదివినా నాకొక ప్రశ్న మిగిలిపోతూనే ఉంటుంది. మర్నాడు సకీనా సంగతేమిటి? నా కూతురు బతికే ఉందని సంతోషంతో కేకపెట్టిన ఆ తండ్రి నెల తిరిగేసరికి కూడా అంతే సంతోషంగా ఉంటాడా? శిబిరంలో పక్క డేరా వాళ్ళు ఏమంటారు? కథ అక్కడ ఆగకపోతే మంటో మంటో కాడు, ఒప్పుకుంటాను. కాని ఆయన ఆగిన చోటే మొదలయ్యే కథ ఇంకొకటుంది. దాన్ని రాసినవాళ్ళున్నారు. వాళ్ళ గురించే ఈ వ్యాసం.

మతానికీ రాజకీయ హింసకీ ఉన్న సంబంధం గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర రెండు వాదాలు తయారుగా ఉంటాయి. మతాలన్నీ మంచే చెప్పాయి, రాజకీయ నాయకులు వాటిని వాడుకుంటున్నారు అనేది ఒకటి. మతం పుట్టుకలోనే హింస ఉంది, అది పోతే తప్ప ఇది పోదు అనేది రెండోది. పండితులు ఈ రెంటి మధ్యా దశాబ్దాలుగా కొట్టుకుంటూనే ఉన్నారు. రెండు వాదాలూ ఊరేగింపు, కత్తి, నిప్పు కనబడే వీధిలోనే నిలబడి మాట్లాడతాయి. ఇంట్లోకి రావు. ఇంట్లోకి వచ్చి చూస్తే 'మతం వాడుకోబడింది' అనే మాట చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అల్లరిమూక ఒక స్త్రీని ఎత్తుకుపోయినప్పుడు ఆమె ఏ మతానిదో వాళ్ళు నిర్ణయించారు. ఆమె తిరిగొచ్చినప్పుడు ఆమె ఇంకా ఆ మతానిదేనా కాదా అని నిర్ణయించింది ఆమె అత్తామామలూ అమ్మానాన్నలూ. మధ్యలో ప్రభుత్వం ఒక చట్టం చేసి తన వంతు నిర్ణయం తాను చేసింది. ఈ మూడూ వేర్వేరు సంగతులు కావనీ, ఒకే హింస మూడు చేతులు మారిందనీ నా వాదన.

రాజీందర్ సింగ్ బేడీ 'లాజవంతి' కథ ఈ చేతులు మారటాన్నంతా చూస్తుంది. విభజనలో భార్యని పోగొట్టుకున్న సుందర్‌లాల్ మొహల్లాలో ఒక కమిటీకి కార్యదర్శి. ఎత్తుకుపోబడి తిరిగొచ్చిన స్త్రీలని మనసులో చోటిచ్చి నిలుపుకోమని పొద్దున్నే పాటలు పాడుతూ వీధులన్నీ తిరిగే కమిటీ. గుడి దగ్గర బాబా రామాయణం చెబుతున్నాడు. చాకలివాడి మాటకి రాముడు సీతని వెళ్ళగొట్టిన ఘట్టం వచ్చినప్పుడు సుందర్‌లాల్ లేచి, అలాంటి రామరాజ్యం మాకొద్దంటాడు. అన్యాయం ఎవరికి జరిగింది, శిక్ష ఎవరికి పడింది అని అందరి ముందూ అడుగుతాడు. మన భాషలో చలం 'సీత అగ్నిప్రవేశం' నుంచి ఓల్గా 'విముక్త' కథల దాకా సీతని ప్రశ్నించే చోట నిలబెట్టిన రచనలు చదివినవాళ్ళకి ఈ ఘట్టం కొత్త కాదు. అయితే మనం సీత కథని ఎక్కువగా భార్యాభర్తల కథగా చదువుకున్నాం. బేడీ దాన్ని శరణార్థుల శిబిరం పక్కన పెట్టి చదివాడు.

ఆ తర్వాత లాజవంతి నిజంగానే వస్తుంది. వాఘా సరిహద్దులో రెండు దేశాలూ ఆడవాళ్ళని మార్చుకుంటున్న దృశ్యం ఈ కథలోనే ఉంది. మీరు ముసలివాళ్ళనీ పనికిరానివాళ్ళనీ మాకంటగడుతున్నారని ఇటువాళ్ళు అటువాళ్ళతో పోట్లాడతారు. సంతలో పశువుల బేరం అలాగే ఉంటుంది. సుందర్‌లాల్‌ని కలతపెట్టినవి రెండు సంగతులు. లాజవంతి దుపట్టా ముస్లిం స్త్రీల పద్ధతిలో వేసుకుంది. పైగా కాస్త ఒళ్ళు చేసి నిగనిగలాడుతూ ఉంది. చిక్కి శల్యమై వస్తుందనుకున్నాడు. అలా రాకపోవటం అతన్ని గుచ్చుకుంటుంది. బాధితురాలు బాధితురాలిలాగే కనబడాలనే ఈ కోరికని అంత నిశ్శబ్దంగా పట్టుకున్న రచయిత ఒక మగవాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అతను ఆమెని ఇంటికి తీసుకెళ్తాడు. నలుగురూ నవ్వినా లెక్కచేయడు. దేవీ అని పిలుస్తాడు. మునుపు కొట్టేవాడు, ఇప్పుడు చెయ్యెత్తడు. తనకి జరిగిందంతా అతనితో చెప్పుకోవాలని ఆమెకి ఉంది. అతను ఒకటి రెండు ప్రశ్నలడిగి, పోనీలే అయిపోయిందేదో అయిపోయింది, అందులో నీ తప్పేముందని ఆపేస్తాడు. ఉదారంగానే ఆపేస్తాడు. చిన్నదానికి పోట్లాడి చిన్నదానికే రాజీపడే పాత లాజో కావాలని ఆమె కోరుకుంటుంది. ఆ కోరిక తీరదు. ఆమె ఇంట్లో నిలబడింది, మనిషిగా మాత్రం కూలిపోయింది. నోరెత్తనివ్వకపోవటానికి దేవతని చెయ్యటంకన్నా మర్యాదైన దారి లేదు. దీన్ని కొందరు విమర్శకులు మనస్తత్వ చిత్రణ అని పొగిడి వదిలేశారు. నాకు మాత్రం ఇది రాజకీయ కథ. ఎందుకంటే సుందర్‌లాల్ చేసిన పనినే అదే సమయంలో దేశమంతటా ప్రభుత్వమూ చేస్తోంది.

ఆ పని వివరాలు మనకి బాగా తెలిసింది రీతూ మీనన్, కమలా భసీన్ రాసిన పుస్తకం వల్ల, ఊర్వశీ బుటాలియా పుస్తకం వల్ల. రెండూ 1998లోనే వచ్చాయి. విభజన సమయంలో ఎత్తుకుపోబడిన స్త్రీలు 75 వేలమంది ఉంటారని తరచుగా చెప్పే అంచనా. 1947 డిసెంబరులో రెండు దేశాలూ ఎవరి స్త్రీలని వాళ్ళకి అప్పగించుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. 1949లో మన దేశం దానికొక చట్టం చేసింది. ఆ చట్టంలో 'అపహరణకి గురైన వ్యక్తి' అంటే ఎవరో చెప్పిన తీరు చూడండి. 1947 మార్చి 1కి ముందు ముస్లిం అయి ఉండి, ఆ తేదీ తర్వాత, 1949 జనవరి 1 లోపల కుటుంబానికి దూరమై, ముస్లిం కాని వ్యక్తి దగ్గర కనబడిన ఏ వయసు స్త్రీ అయినా అపహృతే. మగవాళ్ళ విషయంలో పదహారేళ్ళలోపు పిల్లలకే ఇది వర్తిస్తుంది. ఆడదానికి మాత్రం వయసు పరిమితి లేదు. ముప్ఫయ్యేళ్ళు రానీ, యాభయ్యేళ్ళు రానీ, తానెక్కడ ఉండాలో తాను చెప్పుకోగల మనిషిగా చట్టం ఆమెని చూడలేదు. ఆ మధ్యలో పుట్టిన పిల్లలూ ఈ నిర్వచనంలోకే వస్తారు. వారంటు లేకుండా ఇళ్ళు వెతకొచ్చు. ఆమె అపహృతా కాదా అని తేల్చేది ట్రిబ్యునల్. నేను రాను, ఇక్కడే ఉంటాను అని ఆమె అంటే ఆ మాటకి విలువ లేదు.

లౌకిక రాజ్యమని చెప్పుకోబోతున్న దేశం, ఏ స్త్రీ ఎక్కడ ఉండాలో ఆమె మతాన్నిబట్టి నిర్ణయించింది! సభలో దీనిమీద చర్చ జరిగినప్పుడు ఆమె ఇష్టం సంగతేమిటని అడిగిన సభ్యులు లేకపోలేదు. కాని అదే సభలో సీతాపహరణం ప్రస్తావన కూడా వచ్చింది. పరాయివాడి చేతికి చిక్కిన స్త్రీని తెచ్చుకోవటం జాతి పరువు అయింది. అలా తెచ్చుకున్నవాళ్ళు రెండు వైపులా కలిపి దాదాపు 30 వేలమంది. వాళ్ళలో ఇంటికి పోవాలని కళ్ళల్లో వత్తులేసుకుని ఎదురుచూసినవాళ్ళున్నారు. వాళ్ళకి ఈ చట్టం వరమే, దాన్ని కాదనకూడదు. అలాగే రెండోసారి కూడా బలవంతంగా లాక్కుపోబడ్డామని ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. తీరా తెచ్చాక ఇళ్ళవాళ్ళు తీసుకోవటం లేదని తెలిసి గాంధీ, నెహ్రూ విజ్ఞప్తులు చేశారు. పునరావాస శాఖ ఒక కరపత్రం వేసి పంచిందట. పరపురుషుడి సంపర్కం కలిగిన స్త్రీ మూడు ముట్లు దాటితే శుద్ధి అవుతుందని మనువు చెప్పాడు కాబట్టి స్వీకరించండని అందులో రాశారని ఈ రెండు పుస్తకాలూ చెబుతాయి. మనువుని అడ్డం పెట్టుకుని మేలు చేద్దామనుకున్నారు! ఈ సంగతి చదివాక నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

బేడీ కథలో కనీసం తలుపు తెరుచుకుంది. అమృతా ప్రీతమ్ 'పింజర్'లో తలుపే తెరుచుకోదు. 1950లో వచ్చిన పంజాబీ నవల ఇది. పూరోని రషీద్ ఎత్తుకుపోవటం విభజనకి ఏళ్ళ ముందే జరుగుతుంది. కారణం మతద్వేషం కాదు. వడ్డీ వ్యాపారం చేసే పూరో వాళ్ళ పెద్దలు ఎప్పుడో రషీద్ వాళ్ళ ఇంటిని లాక్కున్నారు, ఆ ఇంటి ఆడపిల్లని ఎత్తుకుపోయారు. దానికి ఇది బదులు. అంటే అప్పు, ఆస్తి, పరువు ఇవన్నీ ముందే ఉన్నాయి. 1947 వచ్చి వాటికి మతం పేరు పెట్టింది. విభజన నవలని విభజనకి అంత ముందునుంచి మొదలుపెట్టటంలోనే అమృతా ప్రీతమ్ రాజకీయం ఉందనుకుంటాను. ఒక రాత్రి పూరో తప్పించుకుని అమ్మానాన్నల దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. వాళ్ళు ఏడుస్తారు. ఏడుస్తూనే వెనక్కి పొమ్మంటారు. నిన్నెవరు చేసుకుంటారు, వాళ్ళొచ్చి మమ్మల్ని చంపేస్తారు అంటారు. ఆమె రషీద్ దగ్గరికే వెళ్ళి హమీదా అవుతుంది. ఆ కొత్త పేరు ఆమె చేతిమీద పచ్చబొట్టు పొడుస్తారు.

ఎత్తుకుపోయినవాడే మంచి భర్తగా మారటం నవలలో నాకూ ముల్లులాగే ఉంటుంది. 2003లో చంద్రప్రకాశ్ ద్వివేదీ తీసిన సినిమా చూసిన చాలామంది ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. కాని నవల మన చూపుని రషీద్ మంచితనం మీద నిలపదు. మధ్యలో వచ్చే పిచ్చిదాని కథ చదవండి. ఊళ్ళో తిరిగే పిచ్చిదాన్ని ఎవరో గర్భవతిని చేస్తారు. అది పొలంలో బిడ్డని కని చచ్చిపోతుంది. పూరో ఆ బిడ్డని తెచ్చి తన పాలిచ్చి పెంచుతుంది. కొన్ని నెలల తర్వాత ఊళ్ళో హిందువులకి గుర్తొస్తుంది, ఆ పిచ్చిది హిందువని! హిందూ బిడ్డని ముస్లింలు పెంచటమా అని వచ్చి లాక్కుపోతారు. వాళ్ళ చేతుల్లో బిడ్డ జబ్బుపడి చావుకి దగ్గరవుతాడు. చచ్చిపోయేలా ఉన్నాడని తెలిసి మళ్ళీ తెచ్చి పూరో చేతిలో పెడతారు. పిచ్చిది ఊళ్ళో ఆకలితో తిరుగుతున్నప్పుడు ఆమె మతం ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె మగబిడ్డని కన్న తర్వాత వచ్చింది. ఈ ఒక్క ప్రకరణం పెట్టుకుని మతానికీ రాజకీయానికీ సంబంధమేమిటో మన కాలేజీల్లో ఒక ఏడాది పాఠం చెప్పొచ్చు.

చట్టంలోని పిల్లల మాటా, ఈ పిచ్చిదాని బిడ్డా నాకు ఎప్పటివో పాత సంగతులుగా అనిపించవు. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్ మీద ఇస్లామిక్ స్టేట్ దాడి చేసి యజీదీ మగవాళ్ళని చంపి, వేలమంది స్త్రీలనీ పిల్లలనీ బానిసలుగా పట్టుకుపోయింది, అమ్ముకుంది. అది మత కార్యమేనని శాస్త్రాలు చూపించి మరీ చేసింది. యజీదీల సంప్రదాయంలో పరమతం వాళ్ళతో సంబంధం కలిగిన స్త్రీకి తిరిగి చోటులేదు. అయినా వాళ్ళ మతపెద్ద బాబా షేక్ ఆ నిబంధనని పక్కకి తోసి, తిరిగొచ్చిన స్త్రీలు మనవాళ్ళేనని ప్రకటించాడు. లాలిష్ పుణ్యక్షేత్రంలోని ఊటనీళ్ళతో వాళ్ళకి మళ్ళీ దీక్ష ఇచ్చారు. ఒక మతం తనని తాను మార్చుకోగలదనటానికి అది అరుదైన ఉదాహరణ. సుందర్‌లాల్ కమిటీ పాటలు పాడి కూడా చేయించలేకపోయిన పని అది.

పిల్లల దగ్గరికొచ్చేసరికి అది కూడా ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో యజీదీ మతమండలి ముందు అందరినీ స్వీకరిస్తామన్నట్టు ఒక ప్రకటన చేసి, కొద్దిరోజుల్లోనే ఆ అత్యాచారాల వల్ల పుట్టిన పిల్లలకి అది వర్తించదని సవరించుకుంది. ఇరాక్ చట్టం ప్రకారం ముస్లింకి పుట్టిన బిడ్డ ముస్లింగానే నమోదు కావాలి. ఇటు మతమూ అటు రాజ్యమూ కలిసి తల్లికి ఒక లెక్క, బిడ్డకి ఒక లెక్క వేశాయి. బిడ్డని వదిలేసి ఇంటికి వచ్చినవాళ్ళున్నారు. బిడ్డని వదల్లేక సిరియాలోని అల్ హోల్ శిబిరంలో, తమని బంధించినవాళ్ళ కుటుంబాల మధ్యే, తాము యజీదీలమని చెప్పకుండా ఉండిపోయినవాళ్ళున్నారు. ఈ నిర్ణయం ఆ తల్లులదీ వాళ్ళ కుటుంబాలదే కావాలని 2018 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్ అన్నది. 'పింజర్' చివర తోడబుట్టినవాడు వచ్చి పిలిచినా సరిహద్దు దాటకుండా ఉండిపోయిన పూరో నిర్ణయాన్ని త్యాగమని పొగిడేవాళ్ళు ఈ తల్లుల గురించి ఒకసారి ఆలోచించాలి. అది త్యాగం కాదు. రెండు తలుపులూ ఎవరెవరివో అయినప్పుడు, ఏ తలుపు వెనక తన బిడ్డ ఉన్నాడో అటు వెళ్ళటం.

ఇక బావి. రావల్పిండి జిల్లా థోవా ఖాల్సాలో 1947 మార్చిలో తొంభైమంది దాకా సిక్కు స్త్రీలు పిల్లలతో సహా బావిలో దూకారు. భీష్మ సాహ్నీది రావల్పిండే. ఆయన 'తమస్' నవలలో ఈ ఘటన ఉంది. గోవింద్ నిహలానీ దాన్ని తెరకెక్కించగా 1988లో దూరదర్శన్‌లో దేశమంతా చూసింది. ప్రార్థనలు చేసుకుంటూ వరసగా బావివైపు నడిచే ఆ స్త్రీల దృశ్యం గొప్పగా ఉంటుంది. నా అభ్యంతరం ఆ గొప్పతనం మీదే. మతహింసని అంత కఠినంగా నిలదీసిన ఆ రచన కూడా బావి దగ్గరికి వచ్చేసరికి తల వంచి నమస్కారం పెడుతుంది. 1984లో ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన దాడుల తర్వాత ఊర్వశీ బుటాలియా విభజన స్మృతులు వెతకటం మొదలుపెట్టింది. అప్పుడామె అడిగిన ప్రశ్న చాలా సూటైనది. దూకినవాళ్ళంతా దూకాలనుకునే దూకారా? తండ్రులూ అన్నలూ తమ చేతులతో చంపిన కూతుళ్ళని కూడా వీరమరణం లెక్కలోనే వేశారు. ఆ ఊరివాళ్ళు ఏటా స్మరించుకునే అమరుల జాబితాలో వాళ్ళున్నారు. హతుల జాబితాలో లేరు. శత్రువు చంపితే మతహింస, నాన్న చంపితే మర్యాద!

దూకనన్న అమ్మాయి ఏమైంది? సబీహా సుమర్ 'ఖామోష్ పానీ' (2003) ఆ ప్రశ్నకి జవాబు. స్క్రీన్‌ప్లే రాసింది పరోమితా వోహ్రా. పాకిస్తానీ దర్శకురాలు, భారతీయ రచయిత్రి కలిసి చేసిన సినిమా కావటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. 1979, జియా ఉల్ హక్ రోజులు. పంజాబులోని ఒక ఊళ్ళో ఆయేషా అనే వితంతువు ఆడపిల్లలకి ఖురాన్ నేర్పుతూ కొడుకుతో బతుకుతుంటుంది. ఊళ్ళో అందరూ బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటారు. ఆమె మాత్రం వెళ్ళదు, ఎవరో తెచ్చిపెడతారు. ఎందుకో మనకి మెల్లగా తెలుస్తుంది. ఆమె ఒకప్పటి వీరో. 1947లో ఇంటివాళ్ళు దూకమన్న బావి దగ్గర్నుంచి పారిపోయిన సిక్కు పిల్ల. ఊరికి కొత్తగా వచ్చిన మతోద్యమకారుల వెంట తిరగటం మొదలుపెట్టిన కొడుకు సలీంకి ఈ సంగతి తెలిసి, నలుగురి ముందూ నీ మతమేమిటో చెప్పమంటాడు. ముప్ఫయ్యేళ్ళకి పైగా ఆ ఊళ్ళో నమాజు చేసిన మనిషిని! తోటి ఆడవాళ్ళు మెల్లగా రావటం మానేస్తారు. చివరికి ఆమె అదే బావిలో దూకుతుంది. తండ్రి చేయించలేకపోయిన పనిని కొడుకు చేయించాడు. వాళ్ళిద్దరి మతాలూ వేరు. 'తమస్' చూసినవాళ్ళు దీన్ని కూడా చూస్తే తప్ప ఆ బావి లోతు తెలియదు. కిరణ్ ఖేర్ తర్వాత చేసిన తల్లి పాత్రలు మర్చిపోయి చూడండి.

బావుల మాటొస్తే మన నేలమీదా ఉన్నాయి. హైదరాబాదు రాజ్యంలో 1948లో మొదట రజాకార్ల దాడులు, బైరాన్‌పల్లి లాంటి చోట్ల చావులు. సెప్టెంబరులో సైన్యం వచ్చాక ముస్లింల మీద ప్రతీకారం. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ వగైరాల కమిటీ ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగి, చనిపోయినవాళ్ళు 27 వేలనుంచి 40 వేల దాకా ఉంటారని ప్రభుత్వానికి రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలు. శవాలతో నిండిన బావులు చూశామనీ, ఒకదాంట్లో పదకొండు శవాలు లెక్కపెట్టామనీ, అందులో ఒక తల్లి గుండెలకి పసిబిడ్డ అతుక్కుని ఉందనీ రాశారు. ఆడవాళ్ళని ఎత్తుకుపోయి షోలాపూర్, నాగపూర్ దాకా తీసుకెళ్ళారని కూడా రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17నీ విమోచనమనాలా, విలీనమనాలా, విద్రోహమనాలా అని పార్టీలు పోట్లాడుకుంటాయి. మూడు మాటల్లో దేంట్లోనూ షోలాపూర్ తీసుకెళ్ళిన ఆడవాళ్ళకి చోటు లేదు.

మనకి వినే పద్ధతి తెలియక కాదు. పంజాబు స్త్రీల నోటి చరిత్రలు పుస్తకాలు కావటానికి పన్నెండేళ్ళ ముందే, 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో తుపాకి పట్టిన, కొరియర్లుగా తిరిగిన స్త్రీలు అందులో తమ మాటల్లో మాట్లాడారు. పోరాటం ఆగాక ఇక ఇళ్ళకి పొమ్మన్నారని వాళ్ళు చెప్పినచోట వినబడే నిష్ఠూరం నాకు లాజవంతి మౌనానికి చుట్టంలా అనిపిస్తుంది. నడిపింది మతం కాదు, విప్లవం. అయినా తిరిగెళ్ళాల్సిన ఇల్లు అదే. అదే పద్ధతిలో, అంతే ఓపికగా, బీదర్ వైపు వెళ్ళి కూర్చుని అడగాల్సింది. అడగవలసిన వాళ్ళలో ఇప్పుడు బతికున్నవాళ్ళెందరు?

ఇన్ని రచనల్లో నాకు అన్నిటికన్నా దగ్గరిది, మన దగ్గర అతి తక్కువమంది చదివింది, జ్యోతిర్మయీదేవి బెంగాలీ నవల 'ఏపార్ గంగా ఓపార్ గంగా'. ఏనాక్షీ చటర్జీ ఇంగ్లీషు అనువాదం 1995లో వచ్చింది. 1946 నవఖాలీ అల్లర్లలో సుతార ఇల్లు తగలబడుతుంది. తండ్రి చనిపోతాడు, తల్లి చెరువులో దూకుతుంది, అక్క మాయమవుతుంది. సుతార స్పృహ తప్పి పడిపోతుంది. ఆమెకి ఏం జరిగిందో, ఏమీ జరగలేదో నవల ఎక్కడా చెప్పదు. మంటో చెప్పకపోవటం వేరు. ఆయన చెప్పకుండానే మనకి తెలిసేలా చేస్తాడు. ఇక్కడ మనకీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ కలగదు కూడా. పక్కింటి తమీజుద్దీన్ కుటుంబం ఆమెని ఇంట్లో పెట్టుకుని ఆరునెలలు కాపాడుతుంది. వాళ్ళమ్మాయి సుతార స్నేహితురాలు, పేరు సకీనా. (మంటో సకీనాకి లేని ఇల్లు ఈ సకీనాకి ఉంది.) తర్వాత సుతారని కలకత్తాలో ఉన్న అన్నల దగ్గరికి, వదిన పుట్టింటికి చేరుస్తారు.

అక్కడ మొదలవుతుంది అసలు నవల. ఆ పిల్ల నీళ్ళకుండ ముట్టుకుందా? వంటింట్లోకి వచ్చిందా? ఎక్కడ పడుకుంది? అత్యాచారం గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆరునెలలు తురకల ఇంట్లో తిన్నది, తాగింది, అంతే చాలు. మడి, మైల, ఎంగిలి మాటల మధ్య పెరిగిన మనలాంటి వాళ్ళకి ఈ పేజీలు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. విభజన నవలల్లో మతాన్ని వంటింటి గడప దగ్గర ఇంత దగ్గరగా చూసింది ఇదొక్కటే అంటాను. కులం ఎలా పనిచేస్తుందో మతమూ అలాగే పనిచేయటం ఇక్కడ కనబడుతుంది. ఎవరి చేతినీళ్ళు తాగొచ్చు, ఎవరివి తాగకూడదు అనే లెక్క తప్ప ఆ ఇంట్లో మతమంటే మరొకటి లేదు. దాన్ని కాపలా కాసేది ఆ ఇంటి ఆడవాళ్ళే. ఈ మాట రాయటానికి మనలాంటివాళ్ళకి నోరు రాదు. జ్యోతిర్మయీదేవికి వచ్చింది. మెత్తగానే రాసింది, కాని దాచలేదు. శుభకార్యమొస్తే సుతారని దూరంగా ఉంచుతారు, హాస్టలుకి పంపించేస్తారు. దాడి చేసినవాళ్ళ మతం వాళ్ళు ఆమెకి అన్నం పెట్టారు. తన మతం వాళ్ళు విడిగా కంచం పెట్టారు.

అయినా సుతార తమీజుద్దీన్ ఇంటి కోడలు కాలేదు. అడిగినప్పుడు కాదంది. ఆ ఇంటివాళ్ళ మంచితనం, ఆ రాత్రి నిప్పు, రెండూ ఆమెకి గుర్తున్నాయి. ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యలేదు. మతసామరస్యం కథలు రాసే మన రచయితలు ఈ ఘట్టాన్ని తప్పకుండా చదవాలి. ఒక మంచి ముస్లింనో ఒక మంచి హిందువునో చూపించగానే లెక్క సరిపోయిందనుకునే అలవాటు మనకి బాగా ఉంది.

సుతార చదువుకుని ఢిల్లీలో ఒక ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెబుతుంది. కాలేజీ పేరు యాజ్ఞసేని. చరిత్ర పాఠాల్లో ఆమె తల్లి దూకిన చెరువు ఉండదు. వదిన తోడబుట్టిన ప్రమోద్ పెళ్ళి చేసుకుంటానన్న దగ్గర నవల ఆగుతుంది. ఆ ముగింపు నాకంతగా నచ్చదు. అంత నడిపించి చివరికి ఒక మగవాడి ఉదారత్వం దగ్గర దించినట్టుంటుంది. రచయిత్రి పత్రికలో మొదట ప్రచురించినప్పుడు ఈ నవల పేరు 'ఇతిహాసే స్త్రీపర్వ'. అంటే చరిత్రలో స్త్రీపర్వం. భారతంలో మనం చదువుకున్న స్త్రీపర్వం యుద్ధంలో పోయిన మగవాళ్ళ కోసం ఆడవాళ్ళు ఏడ్చిన పర్వం. ద్వారక మునిగాక యాదవస్త్రీలని అర్జునుడు వెంటపెట్టుకుని వెళ్తుంటే ఆభీరులు మీదపడి ఎత్తుకుపోయింది మౌసలపర్వంలో. కొందరు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారని కూడా అక్కడ ఉంది. అక్కడ కవి దుఃఖమంతా గాండీవం పనిచేయలేదనే. ఆ ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఎలా బతికారు, ఎవరైనా తిరిగొచ్చారా అని ఆ పర్వం అడగదు. జ్యోతిర్మయీదేవి తన నవలకి పెట్టుకున్న పేరులో ఆ ప్రశ్న ఉంది. పుస్తకంగా వేసేటప్పుడు ఆ పేరు మార్చేశారు.